తోడల్లుడి చిత్రిక

వడ్రంగం మొదలుపెట్టేనాటికి షావుకారు చేతిలో ఉన్నవి ఇవి: ఒక రంపం, రెండు ఉలులు, ఒక సుత్తి, చెక్క నునుపు చేసే జానెడు పొడుగున్న పాత ఇనుప చిత్రిక, ఇంటి వెనక రేకుల గది. ముప్ఫై ఏళ్ళు నడిపిన బట్టల కొట్టు మూసేశాక మిగిలిన తీరిక కూడా చాలానే ఉంది. వీటన్నిటినీ ఒక పక్క పెడితే రెండో పక్క ఒక్క చెక్క చాలు, తూకం సరిపోయేది. ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం. ఒకే మానులోంచి తీసింది, నడుమ అతుకన్నది లేదు. కొట్టులో గుడ్డ కొలిచి కత్తిరించిన బల్ల పైచెక్క అది. కొట్టు ఖాళీ చేసినప్పుడు అద్దాల బీరువాలు ఎవరికో ఇచ్చేశాడు గానీ దీన్నీ, దీని కాళ్ళనూ ఇంటికి తెచ్చుకున్నాడు.

కొట్టు పోయినా పేరు పోలేదు. వీధిలో అందరికీ అతను ఇంకా షావుకారే.

అతని భార్య టైలరు. వీధి గదిలో రెండు మిషన్లు పెట్టుకుని కుడుతుంది. ఆమెకు ఒక బడివాళ్ళు మూడు వందల చొక్కాలు ఒప్పజెప్పారు. మునుపైతే నేల మీద దుప్పటి పరిచి, వంగి కత్తిరించేది. ఇప్పుడు లేచేటప్పుడు గోడ పట్టుకోవలసి వస్తోంది.

“ఆ చెక్కతో నాకు ఒక కత్తిరింపు బల్ల చేసిపెట్టండి. నిలబడి కత్తిరించుకుంటాను,” అని ఆమె అడిగిన రోజున షావుకారు ఒళ్ళు పొంగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అతణ్ణి డబ్బు అడిగింది, సాయం అడిగింది, ఓపిక పట్టమని అడిగింది. అతని చేత్తో చేసిన వస్తువు అడగడం ఇదే మొదలు.

చిక్కల్లా చెక్క పైభాగంతోనే. ముప్ఫై ఏళ్ళ పాటు తానులు పడీ, మోచేతులు ఆనీ అది ఎత్తుపల్లాలుగా తయారైంది. జానెడు చిత్రిక పెట్టి నాలుగు రోజులు తోశాడు. మిట్ట మీద ఎక్కుతుంది, గుంటలో దిగుతుంది. చెక్క ఎప్పటిలాగే ఉంది, అతని భుజాలు మాత్రం పడిపోయాయి. ఇంకో చిత్రిక కొనాలి, అంతవరకు తేలింది. ఏది కొనాలన్నది తేలకముందే వాళ్ళు తోడల్లుడి ఇంటికి వెళ్ళవలసి వచ్చింది.

తోడల్లుడంటే భార్యకు అక్కమొగుడు, వాళ్ళ పుట్టింటికి పెద్దల్లుడు. బడిలో డ్రాయింగు మేస్టారుగా చేసి మానేశాడు. వడ్రంగం పని షావుకారు కంటే నాలుగు నెలలు ముందు మొదలుపెట్టాడు. ఆ నాలుగు నెలలూ ఆయన నోట నలభై ఏళ్ళలా వినిపిస్తాయి. ఆయనకు పెరట్లో గాజు కిటికీల గది ఉంది. పనిముట్లు ఒక్కొక్కటీ గోడ మీద దాని ఆకారం గీసి, ఆ గీతలో తగిలించి ఉన్నాయి.

“చూడు తమ్ముడూ,” అంటూ ఆయన బల్లకు బిగించిన తెల్లటి చెక్కముక్క మీద ఇత్తడి చిత్రిక పెట్టి తోశాడు. చిత్రిక నోట్లోంచి పొర ఒకటి లేచి, రిబ్బనులా చుట్టుకుని, నేల మీద పడకుండా గాలిలో తేలింది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మరదలికి ఇచ్చాడు.

ఆమె కిటికీ వెలుగుకు పెట్టి చూసింది. “ఏమండీ, ఇందులోంచి నా వేలిగీతలు కనబడుతున్నాయి.”

“ఉల్లిపొరలోంచీ కనబడతాయి,” అన్నాడు షావుకారు.

“ఉల్లిపాయ వలవడానికి నేర్పు అక్కర్లేదు కదండీ.”

వదిన పక్కనే ఉంది. “మీ తమ్ముడికి కూడా ఒక పొర ఇచ్చి పంపండి, ఇంటికెళ్ళి ఎదురుగా పెట్టుకుని నేర్చుకుంటారు,” అంది మొగుడితో. అందరూ నవ్వారు. షావుకారు కూడా నవ్వాడు. కొట్టులో బేరం తప్పిపోయినప్పుడు నవ్వే నవ్వు అది, ముప్ఫై ఏళ్ళ అలవాటు.

అంతటితో అయిపోతే బాగుండేది. భార్య ఆ పొరను కాగితంలో మడిచి తన పర్సులో పెట్టుకుంది. షావుకారు ఆ పర్సును వెయ్యిసార్లు చూసి ఉంటాడు. ఇంటి తాళం, కళ్ళజోడు, డాక్టరు చీటీ, ఇవి తప్ప అందులో ఇంకేదీ ఉండేది కాదు. పరాయి చేతి చెక్కపొట్టుకు అందులో చోటు దొరికేసరికి అతని కడుపులో కుంపటి రాజుకుంది.

తిరుగు బస్సులో ఆమె అంది: “ఇవాళ్టికి పన్నెండో రోజున బడివాళ్ళ గుడ్డ వస్తుంది. అప్పటికి మీ చేతిలో అవ్వదనుకుంటే చెప్పండి, మొహమాటం లేదు. చెక్క బావకి పంపిద్దాం.”

“ఎందుకు పంపడం?”

“పంపుదామని కాదు. అవ్వదనుకుంటేనే.”

“నేనెప్పుడన్నాను అవ్వదని?”

“మీరు అనలేదు,” అని ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. ఆ చూపు దిగేదాకా తిరిగి రాలేదు.

మర్నాడు పొద్దున్నే షావుకారు ఇనుప సామాన్ల కొట్టు తలుపు తీసేసరికి మెట్ల మీద ఉన్నాడు. ఆ కొట్టు నడిపే ఆవిడ మాటలో నునుపు తక్కువ, సరుకులో మోసం అంతకంటే తక్కువ.

“చెక్క ఎంత పొడుగు?” అని అడిగింది. చెప్పాడు. “ఎత్తుపల్లాలున్నాయా?” ఉన్నాయన్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళి మూర దాటిన పొడుగున్న నల్లటి చిత్రిక ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. మెరుపు లేదు, పొగరు లేదు, ఇనుప దిమ్మకు పిడి తగిలించినట్టుంది.

“పొట్టి చిత్రిక గుంటలోకి దిగి గుంటనే నున్నగా చేస్తుంది. ఇది గుంట మీదుగా దాటిపోయి మిట్టల్నే కోస్తుంది. తోయగా తోయగా మిట్టలు గుంటల మట్టానికి వస్తాయి. మీ పనికి ఇదే.”

షావుకారు తల ఊపాడు. అర్థం కాలేదని ఎవరూ అనలేరు. అంతా అర్థమైంది. అర్థమవుతూ ఉండగానే అతని కళ్ళు ఆవిడ భుజం మీదుగా అద్దాల అర మీదికి పోయాయి. అక్కడ ఇత్తడి చిత్రిక ఒకటి మెరుస్తోంది. తోడల్లుడి దాని జాతే, కాకపోతే ఇంకో అంగుళం వెడల్పు, చేతికి నిండైన బరువు, పిడి ఎర్రటి కర్ర.

“అదేమిటి?”

“అది ఆఖర్న నునుపు తేవడానికి. ముందు చదును చెయ్యాలి, తర్వాతే నునుపు. మీకింకా దాంతో పనిలేదు.”

“పొర పల్చగా వస్తుందా?”

“వస్తుంది. పొరతో బల్ల చేస్తారా ఏమిటి?” అని ఆవిడ అతణ్ణి తేరిపార చూసింది. “షావుకారు గారూ, చొక్కా గుడ్డ కోసం వచ్చి కోటు గుడ్డ కట్టించుకుపోయినవాళ్ళని మీరు ఎంతమందిని చూశారు?”

“చాలామందిని.”

“ఏం చెప్పేవారు?”

“ఏం చెప్పలేదు. కట్టి ఇచ్చేవాణ్ణి.”

“నేను చెబుతున్నాను.”

“మీరు చెప్పారు, నేను విన్నాను. అది కట్టండి.”

ఆవిడ కట్టి ఇచ్చింది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు షావుకారు రేకుల గదిలోంచి భోజనానికి తప్ప బయటికి రాలేదు. ఇత్తడి చిత్రిక నిజంగా గొప్ప వస్తువు. మొదటి పొర తమలపాకు మందాన వచ్చింది. బ్లేడును వెంట్రుకవాసి వెనక్కి తిప్పాడు. కాగితం మందాన వచ్చింది. ఇంకా తిప్పాడు. నాలుగో రోజున తీసిన పొర కిటికీకి పెడితే అవతల వీధిలో పోతున్న సైకిలు కనబడింది. దాన్ని గోడకున్న మేకుకు తగిలించాడు. అయిదో రోజున దానికంటే పల్చటిది వచ్చింది. మొదటిది తీసేసి దీన్ని తగిలించాడు. ఒక చోట పొర తెగితే మళ్ళీ మొదటినుంచి తోశాడు, ఆరడుగులూ ఒకే పొరగా లేస్తే తప్ప మనసు ఒప్పలేదు. తోసిన ప్రతిసారీ అతని కళ్ళ ముందు ఆ పర్సు మూత తెరుచుకుని మూసుకునేది.

చెక్క అద్దమైంది. చేత్తో రాస్తే చెయ్యి జారిపోతోంది. గది మూల రెండు గోనెల పొట్టు పోగుపడింది. ఆ పొట్టు ఎక్కణ్ణుంచి వస్తోందో, అది వచ్చినకొద్దీ ఏది తరుగుతోందో గుడ్డముక్క తేడా వస్తే పట్టుకునే షావుకారుకు తట్టలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం భార్యను పిలిచాడు. ఆమె మెడలో టేపుతో, చేతిలో స్టీలు స్కేలుతో వచ్చింది. చెక్క మీద అరచెయ్యి పెట్టి ఇటు నుంచి అటు నడిచింది.

“ఎంత నున్నగా ఉందో.”

షావుకారు మేకుకున్న పొర వైపు చూశాడు, ఆమె కూడా చూస్తుందేమోనని. ఆమె చూడలేదు. స్కేలును దాని అంచు ఆనేలా చెక్క మీద పెట్టి, వంగి, కిటికీ వైపు కన్ను సారించింది.

“ఇటు రండి ఒకసారి.”

వంగి చూశాడు. స్కేలు రెండు చివర్లా ఆనింది, నడుమ కింద నుంచి వెలుగు వస్తోంది. ఆమె కొంగు ముడిలోంచి చొక్కా బొత్తం ఒకటి తీసి ఆ సందులో పెట్టి వేలితో తోసింది. బొత్తం ఇవతల దూరి అవతల తేలింది.

“గుడ్డ ఇక్కడ దిగిపోతుంది. సుద్ద గీత వంకర పోతుంది. మూడు వందల చొక్కాలకీ ఒక భుజం పొట్టిగా వస్తుంది,” అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే దానికో జవాబు ఉండేది. “నాకు కావలసింది పొట్టు కాదండీ, బల్ల.”

సాయంత్రం ఆమె ఫోనులో మాట్లాడటం అతనికి రేకుల గదిలోకి వినబడింది. “బావా, రేపు ఒకసారి రాగలవా. చెక్క ఉంది కదా, అదే. అవును. ఆయన చాలా కష్టపడ్డారు పాపం.”

ఆ ‘పాపం’ అన్న మాట షావుకారుకు ముల్లులా దిగింది.

మర్నాడు పెద్దల్లుడు ట్రాలీ ఆటో వీధిలో ఆపించి రేకుల గదిలోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చెవి మీద పెన్సిలు. చెక్క చుట్టూ ఒకసారి తిరిగాడు, వేళ్ళతో తట్టాడు, డాక్టరు రోగిని తట్టినట్టు.

“నువ్వు దిగులు పడకు తమ్ముడూ. నాలుగు నెలలు ముందున్నవాణ్ణి, ఆ మాత్రం సాయం చెయ్యకపోతే ఎలా.”

“దేంతో చదును చేస్తావు అన్నయ్యా?”

“ఉంది కదా నల్లటి బండ మొద్దు ఒకటి. మొట్టమొదట కొన్నది అదే. మూలన పడుంది.” ఆ మాట అంటూ ఉండగానే ఆయన చెయ్యి దానంతట అది బల్ల మీదున్న ఇత్తడి చిత్రిక మీదికి పోయింది. ఎత్తాడు. బరువు చూశాడు. ఎర్ర పిడిని అరచేత్తో నిమిరాడు. “ఇది నా దానికంటే వెడల్పా?”

“అంగుళం.”

“అంగుళమే,” అని దించబోయి దించలేదు. ఇంకోసారి తిప్పి చూశాడు.

షావుకారు నిటారుగా నిలబడ్డాడు. తన సొంత లోకంలోకి వచ్చి పడ్డాడిప్పుడు. చీరలు, చొక్కాలు, పరదాలు, ఏది చూపించినా మనిషి మనసు పారేసుకున్నప్పుడు కంట్లో ఒక తడి మెరుస్తుంది. దాన్ని చూసే ముప్ఫై ఏళ్ళు ఇల్లు నడిపాడు. ఆ తడి ఇప్పుడు తోడల్లుడి కంట్లో ఉంది. ఇన్నాళ్ళూ తను ఆ మనిషిని చూసి ఎంత కుళ్ళుకున్నాడో, ఆ ఒక్క అంగుళం దగ్గర ఆయన తనను చూసి అంతా కుళ్ళుకుంటున్నాడు. అతనికి ఎండలో చల్లటి నీళ్ళు తాగినట్టయింది.

“నచ్చిందా?” అన్నాడు మెల్లగా.

“నచ్చడమని కాదు...”

“తీసుకెళ్ళు. ఆ నల్ల మొద్దు నాకు పంపు.”

పెద్దల్లుడు అనుమానంగా చూశాడు. “మరి చెక్క?”

“చెక్క ఇక్కడే ఉంటుంది.”

“మీ ఆవిడకి మాటిచ్చాను తమ్ముడూ.”

“నిజంగా చెయ్యాలనుందా నీకు?”

ఆయన తలుపు వైపు చూశాడు. వీధి గదిలో మిషను గలగలలాడుతోంది. గొంతు తగ్గించాడు. “నీకు చెబితే నీ దగ్గరే ఉండాలి.”

“ఉంటుంది.”

“ఆ మొద్దు నాకెప్పుడూ లొంగలేదు. బ్లేడు మొండి. నాలుగుసార్లు నూరాను, ఇంకా మొండైంది. ఆ రోజు మీకు చూపించిన తెల్ల చెక్కముక్క లేదూ, అది మెత్తటిది. దాని మీద ఎవరు తోసినా పొర లేస్తుంది. ఎవరైనా వస్తే బిగించడానికి అట్టేపెట్టుకున్నాను. ఇంత చెక్కని చదును చెయ్యడం నా వల్ల కాదు. మరదలికి కాదని చెప్పలేక బండి మాట్లాడుకుని వచ్చాను.”

షావుకారు వెంటనే లెక్క కట్టాడు. ఈ ముక్క భార్య చెవిన వేస్తే ఆ పర్సులోని పొర ఈ పూటే చెత్తబుట్టలో ఉంటుంది. అంతలోనే ‘ఉంటుంది’ అని తను ఇచ్చిన మాట అడ్డం వచ్చింది. సరుకు చూడకుండా మూల్యం ముందే చెల్లించేశాడు. కొట్టు మీద కూర్చున్న రోజుల్లో ఇంత తొందరపాటు ఎప్పుడూ చెయ్యలేదు.

“బరువు మొయ్యలేక వదిలేశానని చెప్పు. నడుం పట్టిందను,” అన్నాడు చివరికి.

పెద్దల్లుడు ఇత్తడి చిత్రికను చంకలో పెట్టుకుని, లేని నడుం నొప్పితో కుంటుతూ వెళ్ళాడు. అదే ఆటోలో నల్ల మొద్దు మధ్యాహ్నానికి వచ్చింది. దాంతోపాటు భార్య మాట కూడా వచ్చింది.

“చూశారా బావ మనసు. నడుం నొప్పితో ఉండి కూడా తన చిత్రిక మీకు పంపించాడు.”

షావుకారు “మంచి మనిషి,” అన్నాడు. ఆ రెండు మాటలు గొంతులోంచి తీయడం మొద్దుబారిన చిత్రికతో టేకు చెక్క తోసినంత పనైంది.

మిగిలినవి రెండు రోజులు. బ్లేడు విప్పి చూస్తే అంచు గుండ్రంగా మొద్దుబారి ఉంది. డ్రాయింగు మేస్టారు దాన్ని నూరినప్పుడల్లా పైకెత్తి పట్టినట్టుంది, కోణం కాస్తా పోయింది. ఈ పని షావుకారుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రోజుకు వంద గజాలు కత్తిరించే కత్తెరను ముప్ఫై ఏళ్ళు తనే సాన పట్టుకున్నాడు. సానరాయి మీద నీళ్ళు చల్లి, ఏటవాలు చెదరకుండా మణికట్టు బిగబట్టి, రెండు గంటలు నూరాడు. బ్లేడు ముంజేతి మీద పెడితే వెంట్రుకలు రాలాయి.

అప్పుడు భార్యను పిలిచాడు. “నీ సుద్ద తీసుకురా. చెక్కంతా గీతలు గియ్యి.”

“ఎలా గియ్యాలి?”

“ఎలాగైనా. పిచ్చి గీతలు.”

ఆమె చెక్క ఈ చివర్నుంచి ఆ చివరికి అడ్డదిడ్డంగా గీసింది. షావుకారు నల్ల చిత్రిక పెట్టి మూలకు మూలగా తోశాడు. పొడుగాటి పొర లేదు, రిబ్బను లేదు. గరగరమని ముక్కలు ముక్కలుగా పొట్టు రాలింది. మిట్టల మీద సుద్ద పోయింది, గుంటల్లో ఉండిపోయింది. ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో మొదటిసారి ఇద్దరికీ కళ్ళకు కట్టింది.

“ఇదేదో ముందే చేసి ఉంటే,” అంది ఆమె.

“ముందు నా దగ్గర ఇది లేదు.”

“కొట్లో లేదా?”

అతను చిత్రిక ఎత్తి తోశాడు. ఆమె గీసింది, అతను తోశాడు. ప్రతి విడతకూ సుద్ద మరకలు చిన్నవయ్యాయి. పళ్ళెమంత మరక పరోటా అంతయింది, అది అరచెయ్యంత. రెండో రోజు సాయంత్రానికి ఒక్క మరక మిగిలింది, ఎడమ చివర, బొటనవేలంత.

షావుకారు టేపు పెట్టి మందం చూశాడు. రెండంగుళాల చెక్క అంగుళమున్నరకు వచ్చింది. ఈ రెండు రోజుల పనికి పావు అంగుళం పోయిందనుకున్నా, మిగతా పావు అంగుళం ఎక్కడ పోయింది? గది మూల రెండు గోనెల్లో ఉంది. అది బల్ల కోసం పోలేదు. ఎవరి పొర పల్చన అన్న పంతానికి పోయింది.

మళ్ళీ చిత్రిక ఎత్తాడు, ఆ మరక కూడా తీసేద్దామని. పెద్దల్లుడు రేపు చూడటానికి వస్తానన్నాడు. స్కేలు పెట్టి చూస్తాడు, అనుమానం లేదు.

భార్య అతని చెయ్యి పట్టుకుంది. “వదిలెయ్యండి.”

“ఇదొక్కటేగా.”

“దానికోసం మళ్ళీ చెక్కంతా దించాలి. అంగుళమున్నర కంటే పల్చనైతే నడుమ కుంగుతుంది. అక్కడ నా ఎడమ చెయ్యి ఆనుతుంది. సుద్ద అటు పోదు.”

“అన్నయ్య చూస్తే?”

“చూస్తే చూస్తాడు. బల్ల ఎవరికండీ?”

ఆ ప్రశ్నకు జవాబు ఈ పన్నెండు రోజుల్లో అతను ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పుకోలేదు. చిత్రిక కింద పెట్టాడు. చెక్కను పాత కాళ్ళ మీదికి ఇద్దరూ కలిసి ఎత్తి బిగించారు.

పన్నెండో రోజు పొద్దున గుడ్డ వచ్చింది. పెద్దల్లుడు గుడ్డ కంటే ముందే వచ్చాడు. స్కేలు పెట్టి చూశాడు, ఎడమ చివర పల్లం దొరికింది, దాన్ని వేలితో చూపించాడు కూడా. తర్వాత సంచిలోంచి ఒక పొర తీశాడు. ఇత్తడి చిత్రికతో రాత్రే తీశాడట. షావుకారు తీసిన ఏ పొర కంటే అది పల్చగా ఉంది. షావుకారు కడుపులో కుంపటి మళ్ళీ ఎర్రబడింది. ఆరిపోయిందనుకున్నాడు, పైన బూడిదే కప్పింది. నా చిత్రిక, నా అంగుళం, అనుకున్నాడు. మెత్తటి చెక్కముక్క మాట నాలుక చివరికి వచ్చి ఆగింది.

భార్య పొరను అందుకోలేదు. రెండు చేతులా గుడ్డ పట్టుకుని ఉంది. “అక్కడ పెట్టు బావా, పనిలో ఉన్నాను,” అని గుడ్డ తానును దులిపి బల్ల మీద పరిచింది. ఎనిమిది మడతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఎక్కడా కుంగలేదు. సుద్దతో మెడ గీసింది, భుజం గీసింది. కత్తెర ఒక్క ఊపున ఆ చివరిదాకా పోయింది. పెద్దల్లుడు కాసేపు నిలబడి, ఇంట్లో పనుందని వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి నూటనాలుగు చొక్కాలు కత్తిరింపు అయిపోయాయి. ఆమె గోడ పట్టుకోకుండా నడిచి వచ్చి కుర్చీలో కూర్చుంది.

షావుకారు మొత్తం కూడి చూసుకున్నాడు. పోయినవి: ఇత్తడి చిత్రిక, పావు అంగుళం చెక్క, తొమ్మిది రోజులు, బయటపెట్టనని మాటిచ్చిన తోడల్లుడి గుట్టు. కుళ్ళు ఎటూ పోలేదు, ఎక్కడున్నది అక్కడే ఉంది, దాన్ని ఏ పక్క వెయ్యాలో తెలియక వదిలేశాడు. వచ్చినవి: లొంగిన నల్ల చిత్రిక ఒకటి, చదునైన బల్ల ఒకటి. పొద్దున తోడల్లుడు వెళ్ళినప్పటి నుంచి దీపం పెట్టేదాకా ఆమె నూటనాలుగు చొక్కాలు కత్తిరించింది, ఒక్కసారి కూడా బావ మాట ఎత్తలేదు. అది కూడా లాభంలోనే కలిపాడు.